రుషికొండ మీద రిజిస్టర్లు

అసెంబ్లర్ చదవడం వచ్చినవాళ్లు కావాలంటూ విశాఖపట్నం నుంచి ఫోనొస్తుందని కలలో కూడా అనుకోలేదు. నేను ఆ పని మానేసి చాలా కాలమైంది. రుషికొండ మీదున్న ఒక సంస్థకి అమెరికాలోని ఓ బీమా కంపెనీ పని దొరికిందట. ప్రీమియం బాకీల మీద వడ్డీ కట్టే ప్రోగ్రాములు. 1970లలో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద అసెంబ్లర్‌లో రాసినవి, ఇప్పటికీ ప్రతి రాత్రీ నడుస్తున్నవి. వాటిని కోబాల్‌లోకి మార్చాలి. పిల్లలకి కోబాల్ వచ్చు, అసెంబ్లర్ రాదు. "మీరొచ్చి నాలుగు రోజులు పక్కన కూర్చుంటే చాలు సార్" అన్నారు. సాఫ్ట్‌వేర్‌లో నాలుగు రోజులంటే ఎంతో తెలిసినవాణ్ణి కనక బట్టలు ఎక్కువే సర్దుకున్నాను.

సికింద్రాబాదులో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కాజీపేట దాటాక ఎదురు బెర్తు పెద్దాయన పలకరించాడు. విజయనగరం మనిషి. రైల్వే అకౌంట్సులో చేరి, కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యాడు. వాల్తేరు డివిజన్ అప్పట్లో సౌత్ ఈస్టర్న్ రైల్వే కింద ఉండేది. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వేకి మారేదాకా మన విశాఖ రైలు వ్యవహారాలకి పెద్ద దిక్కు గార్డెన్ రీచే. ఎందుకు వెళ్తున్నానో చెప్పగానే ఆయన దుప్పటి పక్కకి తీసి లేచి కూర్చున్నాడు.

"కంప్యూటరా? మా దగ్గిర ఫోర్టీన్-నాట్-వన్ ఉండీది బాబూ!"

ఐబీఎం 1401. 1959లో బయటికొచ్చిన యంత్రం, 1960లలో మన రైల్వే జోన్లకి చేరింది. జీతాలు, సరుకు రవాణా లెక్కలు దాని మీద వేసేవారు. దాని జ్ఞాపకశక్తి అన్నిటికంటే చిన్న రకంలో 1,400 అక్షరాలు, అన్నిటికంటే పెద్ద రకంలో 16 వేలు. మీరు చదువుతున్న ఈ వ్యాసం అందులో పడితే పడుతుంది, ప్రోగ్రాముకి మాత్రం చోటుండదు. గుణకారం, భాగహారం కావాలంటే విడిగా డబ్బు కట్టి పెట్టించుకోవాలి.

పెద్దాయన వేళ్లు మడుస్తూ చెప్పాడు. "ఒకటి అంటే కార్డు చదువు. రెండు అంటే అచ్చెయ్యి. నాలుగు అంటే కార్డు పంచ్ చెయ్యి. చదివిన కార్డు ఒకటో గడి నుంచి ఎనభయ్యో గడి దాకా వచ్చి కూకుంటాది. పంచ్ చేసీది నూటొకటి నుంచి నూటెనభై. అచ్చేసీది రెండొందలొకటి నుంచి మూడొందల ముప్పై రెండు. ఏ గడిలో ఏటుందో తెలకపోతే నువ్వు ప్రోగ్రామరువే కాదు." ఒక్క అంకె కూడా తప్పలేదు. సొంత ఫోను నంబరు చెప్పడానికి మాత్రం జేబులోంచి చీటీ తీశాడు.

వాళ్లు రాసింది ఆటోకోడర్‌లో. అది 1401కి అసెంబ్లర్. యంత్రానికి అర్థమయ్యే ఆదేశం ఒక్కొక్కదానికీ మనిషి గుర్తుపెట్టుకోగల పేరిచ్చి, గడుల అంకెల బదులు పేర్లు రాయనిచ్చే భాష. ఒక వరస రాస్తే ఒక ఆదేశం, దాదాపుగా అంతే. కోబాల్ అలా కాదు. "మొత్తానికి ఈ సొమ్ము కలుపు" అన్న ధోరణిలో ఇంగ్లీషు మాటల్లో రాస్తే, అందుకు కావలసిన ఆదేశాల గుంపుని కంపైలర్ తనే తయారుచేసుకుంటుంది. 1401కీ కోబాల్ ఉండేది కదా, మీరెందుకు వాడలేదని అడిగాను.

"కోబాల్ తినీగా మిగిల్తే గదా బాబూ మన లెక్కకి చోటు!"

ఆ కాలపు వాదమంతా ఆ ఒక్క జవాబులో ఉంది. 1957లో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ తెచ్చినప్పుడు, చేత్తో రాసినంత వేగంగా ఏ కంపైలరూ రాయలేదని అనుభవజ్ఞులు కొట్టిపారేశారు. 1959 మే నెలలో పెంటగాన్‌లో కూర్చుని కోబాల్‌కి పునాది వేసినవాళ్లదీ, అంతకుముందే ఫ్లో-మాటిక్ అనే ఇంగ్లీషు మాటల భాష చేసి చూపించిన గ్రేస్ హాపర్‌దీ వేరే చింత: ఒకడు రాసింది ఇంకొకడు చదవాలి, ఈ కంపెనీ యంత్రం మీద రాసింది ఆ కంపెనీ యంత్రం మీద నడవాలి. యంత్రం గంట అద్దె మనిషి నెల జీతం కంటే బరువుగా ఉన్నంతకాలం ఆ చింత చాలామందికి పట్టలేదు. మన దేశంలో అయితే మరీ. ఐబీఎం 1978లో దేశం వదిలి వెళ్లిపోయాక కూడా అది వదిలిన యంత్రాల్ని సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ మరమ్మతు చేస్తూ నడిపించింది. అలాంటి చోట ఉన్న గడుల్లోనే సర్దుకోవడం తప్ప గత్యంతరం లేదు.

తెల్లవారుజామున దువ్వాడలో దిగిపోయాను. మా అక్కయ్యావాళ్లు ఉక్కునగరం దగ్గరే ఉంటారు. బావ స్టీల్‌ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసి రిటైరయ్యాడు. కూర్మన్నపాలెం వైపు వెళ్తుంటే చీకట్లో ప్లాంటు ఎర్రగా కనిపించింది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ప్రాణాలిచ్చి తెచ్చుకున్నది. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, జాతికి అంకితమైంది 1992లో, పి.వి. నరసింహారావు చేతుల మీద. కొలుములకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ప్లాంటు అమ్మకం మాటెత్తితే బావ ఉదయం కాఫీ మధ్యాహ్నం భోజనం దాకా సాగుతుంది, కనక నేను ఎత్తలేదు.

నా పని సంగతి చెబితే ఆయన వెంటనే తన లెవెళ్లలోకి తీసుకెళ్లిపోయాడు. ఉక్కు కర్మాగారాల్లో ఆటోమేషన్‌ని అంతస్తులుగా లెక్కిస్తారు. లెవెల్ జీరో అంటే కొలిమికి గుచ్చిన థర్మోకపుల్, తెరుచుకుని మూసుకునే వాల్వు. లెవెల్ వన్ అంటే పీఎల్‌సీ, మిల్లీసెకన్ల లెక్కన ఒకే చుట్టు తిరుగుతూ ఉండే చిన్న కంప్యూటర్. దానిపైన లెవెల్ టూ, కొలిమిలో ఏం జరుగుతోందో, జరగబోతోందో లెక్కగట్టే నమూనా. ఆ పైన ఉత్పత్తి ప్రణాళికలు, ఆర్డర్లు, బిల్లులు.

"పీఎల్‌సీకి రాసే లాడర్ లాజిక్ చూశావుగా, నిచ్చెన బొమ్మలా ఉంటుంది. ఎందుకలా పెట్టారో తెలుసా? రిలే ప్యానెళ్ల డ్రాయింగులు చదివే ఎలక్ట్రీషియన్ దాన్ని కూడా చదవగలగాలని. మీ అసెంబ్లర్‌కి ఆ దయ లేదురా" అన్నాడు బావ.

నిజమే. మెయిన్‌ఫ్రేమ్ అసెంబ్లర్ యంత్రానికి దగ్గరగా ఉంటుంది, ఆ యంత్రంతో పని చేయించుకునే గుమాస్తాకి మాత్రం ఆమడ దూరం. ఇంకో మాట కూడా అన్నాడాయన, అది నాకు రుషికొండలో పనికొచ్చింది. "లెవెల్ టూ స్క్రీన్ ముందు కూర్చునే కుర్రాళ్లు తెలివైనవాళ్లే. కానీ కింద థర్మోకపుల్ తెగిపోయినా స్క్రీన్ మీద ఏదో అంకె వస్తుంది. అది కూడా చూడ్డానికి అంకెలాగే ఉంటుంది."

గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ. ఈ దారి పొడుగునా ఊరు అటూ ఇటూ కొండల మధ్య ఇరుక్కుని సాగుతుంది. రుషికొండ ఎక్కాక ఎడంపక్క ఐటీ భవనాలు, కుడిపక్క సముద్రం. ఆఫీసులో కిటికీ తెరలన్నీ దించి ఉన్నాయి, స్క్రీన్ల మీద ఎండ పడుతుందట. బీచి చూడ్డానికి జనం ఎక్కడెక్కణ్ణుంచో వచ్చే చోట తెరలు దించుకుని నల్ల స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు చూస్తూ కూర్చోవడం మా వృత్తికే చెల్లింది.

బృందంలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర పిల్లలు: బొబ్బిలి, పలాస, చోడవరం. ద్వారకానగర్ కోచింగుల్లో కోబాల్, జేసీఎల్, డీబీ2, సీఐసీఎస్ అని వరసగా నేర్చుకున్నవాళ్లు. ఈ వరస అమీర్‌పేట మైత్రీవనం దగ్గర పుట్టింది, వైటూకే రోజుల్లో. ఏడాదిని రెండంకెల్లో రాసిన ప్రోగ్రాములు 2000లో తడబడతాయని ప్రపంచం భయపడితే, కోస్తా జిల్లాల్లో పొలం తాకట్టుపెట్టి మరీ కుర్రాళ్లు కోబాల్ నేర్చుకుని పరాయి దేశాలకి వెళ్లారు. మన తెలుగువాళ్ల ఆ వలస మీద షియాంగ్ బియావో అనే చైనా పరిశోధకుడు హైదరాబాద్, సిడ్నీల్లో తిరిగి 'గ్లోబల్ బాడీ షాపింగ్' అని పుస్తకమే రాశాడు, 2007లో వచ్చింది. ఇప్పుడు ఐబీఎంకి అధిపతిగా ఉన్న అరవింద్ కృష్ణ తెలుగు కుటుంబంవాడే. కానీ ఆ మూడు నెలల కోర్సుల్లో ఒక సంగతి జారిపోయింది. రాయడం నేర్పారు, పడిపోయినదాన్ని చదవడం నేర్పలేదు.

పాత ప్రోగ్రాము లిస్టింగు తెరిచాం. మొదటి వరసల్లోనే బీఏఎల్ఆర్ 12,0. యూజింగ్ నక్షత్రం, 12. "ఇక్కణ్ణుంచి 4,096 బైట్ల దాకా నాకు పన్నెండో రిజిస్టరే ఆధారం" అని ప్రోగ్రాము చేసుకునే ఒప్పందం అది. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360కి సున్నా నుంచి పదిహేను దాకా పదహారు రిజిస్టర్లు, అంటే ప్రాసెసర్ చేతికందేంత దగ్గర ఉండే చిన్న గడులు. పదమూడులో దాపుడు చోటు, పద్నాలుగులో తిరిగెళ్లాల్సిన చిరునామా, పదిహేనులో వచ్చిన చిరునామా, ఒకటిలో తెచ్చిన సరుకు జాబితా. ఈ మర్యాద ఇప్పటికీ మారలేదు. అరవై ఏళ్ల నాటి ఆదేశాలు ఇవాళ్టి యంత్రం మీద నడుస్తాయి, అందుకే ఈ ప్రోగ్రాముల్ని ఇన్నాళ్లూ ఎవరూ ముట్టుకోలేదు.

వాళ్లు అప్పటికే ఒక మాడ్యూల్‌ని కోబాల్‌లోకి మార్చేశారు. వరసకి వరస. రిజిస్టర్-5 అనే పేరుతో కోబాల్‌లో ఒక చరరాశి, రిజిస్టర్-7 అని ఇంకొకటి. అన్నీ గోటూలే, ఫలానా చోటికి దూకమనే ఆదేశాలు. పంచె విప్పి ప్యాంటు తొడిగినంత మాత్రాన మా ఊరి మునసబు కలెక్టరైపోడు. అది కోబాల్ కంపైలర్ ఒప్పుకునే అసెంబ్లర్, రెంటి కష్టాలూ ఉన్నది. చదవడానికి అసెంబ్లర్ తెలియాలి, నడవడానికి కోబాల్ బరువు మొయ్యాలి.

పరీక్ష జాబు రాత్రి పెట్టారు, క్లయింటువాళ్ల పగలు కనక. అర్ధరాత్రి దాటాక ఎస్-జీరో-సీ-సెవెన్‌తో పడిపోయింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి ఈ పేరు ఇంటిపేరంత పరిచయం. దశాంశ లెక్క చేయబోతే అక్కడున్నది సరైన అంకె కాదని యంత్రం నిరాకరించడం. బొబ్బిలి అమ్మాయి తన కోబాల్ చూపించింది. "ఏటి సార్ ఇది? యాడ్ వరస కరెక్టుగానే ఉంది కదా!" కరెక్టే. కోబాల్ మెట్టు మీద నిలబడి ఎంత చూసినా అక్కడ తప్పు కనపడదు.

డంప్ తీయించాను, అంటే ప్రోగ్రాము పడిపోయిన క్షణాన యంత్రం జ్ఞాపకంలో ఉన్నదాని అచ్చు. నడుస్తున్న ఆదేశం జాడ చూపే పీఎస్‌డబ్ల్యూలో ఉన్న చిరునామాలోంచి ప్రోగ్రాము ఎక్కిన చిరునామా తీసేస్తే ఎంత లోపల పడిందో తెలుస్తుంది. కంపైల్ లిస్టింగులో ఆ దూరం దగ్గర ఎఫ్ఏ అని మొదలయ్యే ఆదేశముంది: ఏపీ, అంటే ప్యాక్డ్ అంకెలు కలుపు. బైటుకి రెండంకెలు కుక్కి, చివరి అర బైటులో కూడికో తీసివేతో గుర్తు పెట్టే పద్ధతి అది. కోబాల్‌వాళ్లు కాంప్-3 అంటారు. ఆ గుర్తు ఏ నుంచి ఎఫ్ దాకా ఏదో ఒకటి కావాలి. మాకు కనిపించింది 40 40 40 40. ఐబీఎం అక్షరమాలలో 40 అంటే ఖాళీ. చివరి అర బైటు సున్నా, అది గుర్తే కాదు. ప్రీమియం ఉండాల్సిన చోట ఎవరూ ఏమీ నింపలేదు.

మరి ఇదే ఫైలు మీద పాత అసెంబ్లర్ ఏళ్లుగా ఎలా నడిచింది? వెనక్కెళ్లి చూశాం. కూడికకి ముందు రెండు ఆదేశాలున్నాయి: ఈ చోటుని ఖాళీలతో పోల్చు, సమానమైతే వడ్డీ భాగం మొత్తం దాటి వెళ్లిపో. మొదటిది ఆరు బైట్లు, రెండోది నాలుగు. ఏదో పాత పనికిరాని తనిఖీ అనుకుని అమ్మాయి వదిలేసింది. "అయితే ఖాళీ అంటే సున్నా అనుకోమని రాసేద్దామా సార్?" అంది. వద్దన్నాను. సున్నా ప్రీమియమైతే అసెంబ్లర్ వడ్డీ భాగంలోకి వెళ్లి, ఖాతా చూసిన తేదీ కూడా మారుస్తోంది. ఖాళీ అయితే అసలు ముట్టుకోవడం లేదు. అంటే ప్రీమియం ఇంకా నిర్ణయం కాని పాలసీలు ఇవి. వాటి జోలికి వెళ్లకూడదని 1970లలో ఏ గుమాస్తానో చెప్పుంటాడు. ఆ మాట ఏ కాగితంలోనూ లేదు, ఈ పది బైట్లలో ఉంది.

ఇక్కడే నాకూ ఆ సంస్థ మేనేజరుకీ మాట తేడా వచ్చింది. వరసకి వరస మార్చుకుంటూ పోతే రోజుకిన్ని వరసలని లెక్క చూపించొచ్చు. నేననేది, ముందు కిందికి దిగి ఆ పది బైట్లు ఏ నిర్ణయాన్ని మోస్తున్నాయో తెలుసుకుని, పైకొచ్చి దాన్ని నిర్ణయంలాగే కోబాల్‌లో రాయాలని. 'ప్రీమియం నిర్ణయం కాకపోతే' అని షరతుకి ఒక పేరు పెట్టొచ్చు. కోబాల్‌లో అందుకు 88 లెవెల్ ఉండనే ఉంది. దిగడం ఒకరూ ఎక్కడం ఒకరూ చేస్తే కుదరదు. రెండూ ఒకే మనిషి చెయ్యాలి. ఖర్చు ఎక్కువన్నాడాయన. ఎక్కువే.

వేగం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అసెంబ్లర్‌వాళ్లం చివరికి పట్టుకునేది ఆ కొమ్మే. రెండో మాడ్యూల్‌లో ఒక పాత చమత్కారం కనిపించి నాకు ముచ్చటేసింది. ఒక చోట నోప్ ఉంది, ఏమీ చేయని ఆదేశం: 47 00. మొదటి రికార్డు అయిపోగానే ప్రోగ్రాము తన ఒంట్లోనే ఆ 00 మీద ఎఫ్0 రాసేస్తుంది. 47 ఎఫ్0 అంటే 'తప్పకుండా దూకు'. ఇక మీదట శీర్షికలు అచ్చువేసే భాగాన్ని దాటిపోతుంది. విడిగా ఒక జెండా పెట్టుకుని ప్రతిసారీ పరీక్షించే పని తప్పింది, నాలుగు బైట్లు మిగిలాయి. ఆ రోజుల్లో దీన్ని చూసి శెభాష్ అనేవారు. ఇవాళ్టి ప్రాసెసర్ రాబోయే ఆదేశాల్ని ముందుగానే తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది. నడుస్తున్న ఆదేశాన్ని ఎవరైనా దిద్దితే తెచ్చుకున్నదంతా పారేసి మళ్లీ తెచ్చుకోవాలి. నాలుగు బైట్ల పొదుపు అలా నష్టమైంది. ఆనాడు కోబాల్‌వాళ్లూ ఊరుకోలేదు, ఇదే పని చేయడానికి ఆల్టర్ అని ఒక వాక్యం పెట్టుకున్నారు. గోటూ ఎక్కడికి వెళ్లాలో నడుస్తుండగా మార్చెయ్యడం! 1985 ప్రమాణంలో దాన్ని కాలం చెల్లినదన్నారు, 2002లో తీసేశారు.

ఇంకో విచిత్రం. 2017లో వచ్చిన జెడ్14 యంత్రంలో ప్యాక్డ్ అంకెల లెక్కకి కొత్త వెక్టర్ ఆదేశాలొచ్చాయి. కోబాల్ ప్రోగ్రామైతే కొత్త కంపైలర్‌తో మళ్లీ కంపైల్ చేస్తే చాలు, వాటిని వాడేసుకుంటుంది. చేత్తో రాసిన అసెంబ్లర్ మాత్రం 1970లలో ఎలా రాశారో అలాగే ఉంటుంది. చేత్తో రాసిందే వేగమని నలభై ఏళ్లు వాదించిన నాబోటివాళ్లకి ఇది మింగుడుపడదు, కానీ లెక్క లెక్కే.

ఆదివారం పిల్లలు వన్‌టౌన్ తీసుకెళ్లారు. రాస్ హిల్ ఎక్కాం. పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. కింద డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి లోపలికొచ్చే ఇరుకు కాలువ, 1933లో తెరిచిన లోపలి హార్బరు, ఆవల షిప్‌యార్డు క్రేన్లు. నెహ్రూ 1948లో జల ఉష ఓడని నీళ్లలోకి దింపింది అక్కణ్ణుంచే. పోర్టు గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి.

అక్కడే పలాస అబ్బాయి అడిగాడు, "ఇవన్నీ ఏఐ మార్చేస్తుంది కదా సార్, మనమెందుకు?" అడగాల్సిన ప్రశ్నే. విశాఖలో ఏఐ కేంద్రానికి అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించాక ఈ ఊళ్లో ప్రతి కుర్రాడి నోటా అదే. కోబాల్‌ని జావాలోకి మార్చే ఏఐ సాధనాన్ని ఐబీఎం 2023లోనే ప్రకటించింది. సాధనాలు మంచివే, లిస్టింగు చదివి ఏ వరస ఏం చేస్తోందో నాకంటే త్వరగా చెప్తాయి. ఖాళీ అయితే దాటిపో అని ఉందని అవీ చెప్తాయి. ఎందుకు దాటమన్నారో లిస్టింగులో లేదు కనక చెప్పలేవు. "దానికి క్లయింటుని అడగాలి. ఏం అడగాలో తెలియడానికి డంప్ చదవాలి" అన్నాను. కుర్రాడికి పూర్తిగా నచ్చినట్టు లేదు. మురీ మిక్చర్ కొనడానికి వెళ్లిపోయాడు.

ఆ పది బైట్ల గురించి క్లయింటుకి ప్రశ్న రాసి పంపాం. రాసింది బొబ్బిలి అమ్మాయి. ఏ ఆదేశం, ఏ దూరంలో, ఏ పాలసీ రకానికి ఏం జరుగుతోందో ఒక్క పేజీలో. జవాబు త్వరగానే వచ్చింది: వాళ్ల దగ్గర తెలిసినవాళ్లు ఎవరూ లేరట, పాత ప్రవర్తన మార్చవద్దన్నారు. అమ్మాయి షరతుకి పేరు పెట్టి, పైన మూడు వరసల వ్యాఖ్య రాసి, జాబు మళ్లీ పెట్టింది. పాత ఫలితం, కొత్త ఫలితం పక్కపక్కన పోల్చి చూశాం, పైసాతో సహా కలిసింది.

నేను బయల్దేరేనాటికి మూడో మాడ్యూల్ తెరిచారు. అందులో తనని తాను దిద్దుకునే నోప్‌లు లేవు. బేస్ రిజిస్టర్లు మూడున్నాయి, అంటే ఎనిమిది వేల బైట్లు దాటిన ప్రోగ్రాము, వ్యాఖ్యలు మొత్తం కలిపి ఒకటే: 'పర్ మెమో'. ఏ మెమో అని అడుగుతూ క్లయింటుకి ఇంకో ఉత్తరం తయారవుతోంది. మేనేజరు నన్ను ఇంకో నాలుగు రోజులు ఉండమన్నాడు.